పూత రాలితే మొక్క పీకకండి

(డాలస్ పరిసరాల తెలుగువారి ఉగాది సమావేశంలో, పెరటితోటల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)

 

పెరటితోట గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. నాలుగు మాటలే కాబట్టి నాలుగు మొక్కల జోలికి పోకుండా ఒక్క మిరప గురించే చెబుతాను. మనవాళ్ళ ఇళ్ళలో గులాబీ లేని పెరడు ఉంటుందేమో గాని మిరప లేని పెరడు ఉండదు. అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళు కూడా బాల్కనీలో ఒక బకెట్టు పెట్టి అందులో రెండు మొక్కలు వేస్తారు. జులై వచ్చేసరికి ఆ ఇళ్ళన్నిటి నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "మొక్క నిండా పూత ఉందండీ, ఒక్క పిందె నిలవడం లేదు. ఏం మందు కొట్టాలి?"

ఈ ప్రశ్నలో మొదటి సగం నిజం. చిక్కంతా రెండో సగంతోనే. పూత రాలడం చాలాసార్లు జబ్బు కాదు. మొక్క తన శక్తిని లెక్క చూసుకుని, "ఇప్పుడు కాయను మోయలేను" అని చెప్పే మాట అది. ఆ మాట వినకుండా మందు కొట్టేవాళ్ళు కొందరు, విసుగొచ్చి మొక్క పీకేసేవాళ్ళు కొందరు. ఆగస్టులో పీకేసిన మొక్క సెప్టెంబరులో గంపెడు కాసి ఉండేది. ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయం ఇదే. మిగతాదంతా దీనికి వివరణ.

గుంటూరు ఎండల్లో కాస్తుంది కదా!

నేనీ మాట అనగానే ఎవరో ఒకరు అంటారు: "అదేమిటండీ, గుంటూరు ఎండల కన్నా మన డాలస్ ఎండలు ఎక్కువా? అక్కడ కాసే మిరప ఇక్కడ ఎందుకు కాయదు?"

మంచి ప్రశ్నే. కాని గుంటూరు మిరప ఏ నెలలో పూస్తుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మన కళ్ళలో మిగిలిపోయిన బొమ్మ, మార్చి ఏప్రిల్ ఎండలో కల్లాల మీద ఎర్రగా పరిచిన మిరపకాయలది. అది ఆరబెట్టే కాలం. నారు పోసేది జులై, ఆగస్టుల్లో. నాటేది వానలు పడ్డాక, ఆగస్టు, సెప్టెంబరుల్లో. పూత ముమ్మరంగా వచ్చి కాయ నిలిచేది అక్టోబరు నుంచి జనవరి లోపల. ఆ నెలల్లో అక్కడి రాత్రులు 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటాయి. ఇక్కడి లెక్కలో 68 డిగ్రీల ఫారన్‌హీట్. అంటే గుంటూరు మిరప ఎండలో ఎండుతుంది గాని, చల్లని రాత్రుల్లో కాస్తుంది.

మరి మనం ఇక్కడ ఏం చేస్తున్నాం? ఏప్రిల్‌లో నాటి, జూన్ నెలాఖరుకు పూతకు తెచ్చి, జులైలో కాయమంటున్నాం. జులైలో డాలస్‌లో పగలు సగటున 95 డిగ్రీలు దాటుతుంది. రాత్రి కూడా 75 కిందికి దిగడం తక్కువ. మిరపకు పగలు 70 నుంచి 85, రాత్రి 60 నుంచి 70 డిగ్రీలు ఉంటే హాయి. పగలు 95 దాటినా, రాత్రి 75 దాటినా పుప్పొడి చచ్చుబడుతుంది. పువ్వు విచ్చుకుంటుంది గాని పిందె కట్టదు. రెండు మూడు రోజుల్లో తొడిమ పసుపు తిరిగి రాలిపోతుంది. పగటి ఎండను అందరం గమనిస్తాం, రాత్రి వేడిని ఎవరూ పట్టించుకోరు. చాలాసార్లు కాయను చెడగొట్టేది ఆ రాత్రి వేడే.

ఈ మహాసభలకు అమెరికా నలుమూలల నుంచీ వస్తారు కనుక మిగతా ఊళ్ళ సంగతి కూడా చెప్పాలి. సియాటిల్‌లోను, శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలోను ఇబ్బంది సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ వేసవి రాత్రులు కూడా 55 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. చలికి కూడా పూత రాలుతుంది. వాళ్ళు కుండీని దక్షిణం వైపు గోడకు ఆనించి పెడితే, పగలు వేడెక్కిన గోడ రాత్రి కాస్త వెచ్చదనం ఇస్తుంది. చికాగో, న్యూజెర్సీ వాళ్ళకు కాలం చిన్నది కాబట్టి నారు ఇంట్లో ముందే పెంచుకోవాలి. ఆఖరి మంచు పడే రోజుకు ఎనిమిది వారాల ముందు గింజ వేస్తే సరిపోతుంది. ఒకే మొక్క, ఒకే లక్షణం. కారణం మాత్రం ఊరిని బట్టి మారుతుంది. అందుకే పక్క రాష్ట్రంలో ఉన్న బావగారి సలహా మన పెరట్లో పనిచెయ్యకపోవచ్చు.

మందు సీసా కన్నా ముందు చూడవలసినవి

పూత రాలుతోందంటే వరుసగా ఆరు విషయాలు చూడండి. ఈ వరుస మార్చకండి.

మొదటిది, వేడి. గత వారం రోజుల రాత్రి ఉష్ణోగ్రతలు చూడండి. 75 దాటి ఉంటే కారణం దొరికినట్టే. ఇక మందుతో పని లేదు. మధ్యాహ్నం రెండు తరవాత నీడ పడేలా చూడండి. తోట సామాన్ల దుకాణాల్లో దొరికే నీడ వలల్లో 30 శాతం నీడనిచ్చే రకం తెచ్చి మొక్కకు పైన కట్టండి, చుట్టూ కట్టి ఉక్కబెట్టకండి. కుండీ అయితే ఇంటి తూర్పు వైపుకు జరపండి. మొదట్లో రెండు మూడు అంగుళాల మందాన గడ్డి గాని, ఎండుటాకులు గాని పరచండి. మొక్కను బతికించుకుంటే చాలు, సెప్టెంబరులో రాత్రులు చల్లబడగానే అదే పూత నిలుస్తుంది. మా ప్రాంతంలో నవంబరు మధ్యకో, ఆ తరవాతో తొలి మంచు పడేదాకా కాస్తూనే ఉంటుంది.

రెండోది, ఎరువు. మొక్క నడుమెత్తు పెరిగి, ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ కాయ మాత్రం లేకపోతే అది నత్రజని ఎక్కువైన లక్షణం. మనవాళ్ళకు మొక్కంటే ప్రేమ. వారానికోసారి ఆ నీలం పొడి నీళ్ళలో కలిపి పోస్తారు. ఎరువు సంచి మీద మూడు అంకెలుంటాయి. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. పూత మొదలయ్యాక మొదటి అంకె పెద్దగా ఉన్న ఎరువు ఆపెయ్యండి. లాన్‌కు వేసే ఎరువు మిరప పాదులో పడనివ్వకండి. అతి సర్వత్ర వర్జయేత్ అన్నది మిరపకు బాగా వర్తిస్తుంది.

మూడోది, నీళ్ళు. ఒకరోజు వరద, నాలుగు రోజులు కరువు అన్నట్టు పోస్తే పూత రాలుతుంది. వేలు రెండు అంగుళాలు మట్టిలోకి గుచ్చి చూడండి. తడి తగిలితే ఆగండి, పొడిగా ఉంటే పొయ్యండి. మధ్యాహ్నం ఆకు వాలిపోయిందని కంగారుపడి పొయ్యకండి. మండుటెండలో తడి నేలలో ఉన్న మొక్క కూడా కాసేపు వాలుతుంది. సాయంత్రానికి నిటారుగా లేస్తే దానికి దాహం లేదన్నమాట. వేరు నీళ్ళలో నానినా పూత రాలుతుంది.

నాలుగోది, వెలుతురు, చోటు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ కావాలి. ఒక్కో మొక్కకు అయిదు గ్యాలన్ల కుండీ, అడుగున చిల్లులతో ఉండాలి. చిన్న కుండీలో మట్టి గంటల్లో ఎండిపోయి, వేరు ఉడికిపోతుంది.

అయిదోది, కాయల బరువు. మొక్క మీద అప్పటికే ముప్పై కాయలు వేలాడుతుంటే కొత్త పూత రాలడం సహజం. పచ్చిమిర్చి కోస్తూ ఉంటేనే కొత్త పూత నిలుస్తుంది. పండుమిరప పచ్చడి కోసం కాయలు ఎర్రబడనివ్వాలనుకుంటే ఒకటి రెండు మొక్కలను అందుకు వదిలెయ్యండి, మిగతావాటిని పచ్చిగానే కోస్తూ ఉండండి.

ఆరోది, గాలి. మిరప తన పుప్పొడితో తానే కాయగలదు గాని, ఆ పుప్పొడి రాలడానికి కాస్త కదలిక కావాలి. అద్దాల గదిలోనో, నాలుగు గోడల మధ్య బాల్కనీలోనో గాలి ఆడదు, తేనెటీగ రాదు. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య పూసిన కొమ్మను వేలితో నాలుగుసార్లు మెల్లగా తట్టండి. బ్యాటరీతో నడిచే పాత టూత్‌బ్రష్షు ఉంటే దాని వెనక భాగం పూతొడిమకు ఆనించినా చాలు.

ఇక్కడ ఎప్సమ్ సాల్టు గురించి ఒక మాట. పూత రాలితే అది చల్లమని ప్రతి పెరట్లోనూ ఒక సలహాదారు ఉంటారు. అందులో ఉండేది మెగ్నీషియం. మీ మట్టిలో అది తక్కువైతే తప్ప దానివల్ల లాభం లేదు. ఎక్కువ వేస్తే మొక్క కాల్షియం తీసుకోవడానికి అది అడ్డు తగులుతుంది. అప్పుడు కాయ కొన నల్లబడి కుళ్ళే ఇబ్బంది పెరుగుతుంది. మట్టిలో ఏముందో తెలియాలంటే మట్టి పరీక్ష చేయించండి. ప్రతి రాష్ట్రంలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులుంటాయి. మట్టి ఎక్కడికి, ఎలా పంపాలో వాళ్ళు చెబుతారు. ఆకు తీసుకెళ్ళి చూపిస్తే పురుగు పేరు చెప్పే మాస్టర్ గార్డెనర్లు కూడా అక్కడ ఉంటారు. మనం కట్టే పన్నులతో నడిచే ఈ సదుపాయాన్ని మనవాళ్ళు వాడుకోవడం చాలా తక్కువ.

రాలింది పువ్వా, పిందా?

ఇప్పుడు పురుగుల సంగతి. పురుగు వల్ల పూత రాలదని నేననడం లేదు. రాలిందేమిటో ముందు చేతిలోకి తీసుకుని చూడమంటున్నాను.

విచ్చుకున్న పువ్వు శుభ్రంగా రాలితే పైన చెప్పిన ఆరు కారణాల్లో ఏదో ఒకటి. మొగ్గలు, చిన్న పిందెలు తొడిమ పసుపు తిరిగి రాలుతుంటే రెండు మూడు పిందెలను బ్లేడుతో నిలువునా కొయ్యండి. లోపల గింజల దగ్గర నల్లబడి, తెల్లటి చిన్న పురుగు కనిపిస్తే అది మిరప ముక్కు పురుగు పిల్ల. మెక్సికో నుంచి వచ్చి 1904లో టెక్సాస్‌లో మొదట కనిపించిన పురుగు ఇది. దక్షిణ టెక్సాస్, ఫ్లోరిడా వాళ్ళకు ఇది బాగా తెలుసు. లోపల దాక్కున్న పిల్లకు పైన కొట్టిన మందు తగలదు. రాలిన ప్రతి పిందెనూ రోజూ ఏరి, ప్లాస్టిక్ సంచిలో కట్టి చెత్తబుట్టలో వెయ్యడమే అసలు మందు. కంపోస్టులో వెయ్యకూడదు. పిల్లలకు పిందెకు ఒక పెన్నీ ఇస్తామంటే ఈ పని చక్కగా చేస్తారు.

విచ్చుకున్న పువ్వునొకదాన్ని కోసి తెల్లకాగితం మీద గట్టిగా తట్టండి. సూది మొనంత సన్నని పురుగులు పరుగెత్తితే అవి తామర పురుగులు. అవి పువ్వులోనే కాపురముంటాయి, పూత రాల్చేస్తాయి.

పై ముడత, కింది ముడత

మన రైతులు ఆకు చూసి పురుగు పేరు చెప్పే పద్ధతి ఒకటుంది. అది ఇక్కడి పెరళ్ళకూ పనికొస్తుంది. ఆకు అంచులు పైకి ముడుచుకుని దొన్నెలా అయితే అది పై ముడత, తామర పురుగు పని. ఆకు అంచులు కిందికి ముడుచుకుని బోర్లించిన పడవలా అయి, కాడ సాగితే అది కింది ముడత, నల్లి పని. ఈ నల్లి కంటికి ఆనదు, భూతద్దం కావాలి. లేత చిగుళ్ళు గట్టిపడి, మెలికలు తిరిగి, పెరుగుదల ఆగిపోతుంది.

ఇది కాక ఇక్కడ మూడో రకం ముడత ఒకటుంది. మన ఊళ్ళ పెరళ్ళలో ఇది చూసి ఉండరు. ఆకులు సన్నగా రిబ్బన్లలా సాగి, ఈనెలు దగ్గర దగ్గరగా వచ్చి, చిగురు మెలిపడితే పురుగు కోసం వెతక్కండి, లాన్ వైపు చూడండి. వసంతకాలంలో గడ్డిలో కలుపు చావడానికి 2,4-డి లాంటి మందులు కొడతారు. గాలికి కాస్త తుంపర పడితే చాలు, మిరపా టమాటా రెండూ ఇలా అయిపోతాయి. అలాంటి మందు కొట్టిన గడ్డి కోసి పాదుల్లో పరిచినా, ఆ గడ్డి తిన్న పశువుల ఎరువు వేసినా ఇదే ఫలితం. దీనికి మందు లేదు. లాన్ పని చేసేవాళ్ళకు కూరగాయల పాదు చూపించి, ఆ పక్క కొట్టవద్దని ముందే చెప్పడం ఒక్కటే ఉపాయం.

ఆకుల మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు గజిబిజిగా పడి మొక్క గిడసబారితే అది వైరస్ కావచ్చు. వైరస్‌కూ మందు లేదు. ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో చూపించి, అవునంటే ఆ ఒక్క మొక్కను తీసెయ్యండి. పీకమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే. పొగ తాగేవారు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే మొక్క ముట్టుకోవాలి. పొగాకు మొజాయిక్ వైరస్ చేతులతో మిరపకు అంటుతుంది.

ఎవరికి ఏ వైద్యం

పేనుబంక: లేత చిగుళ్ళ కింద గుంపులుగా ఉంటుంది. ఆకులు జిగటగా మారి, చీమలు పైకీ కిందికీ తిరుగుతుంటాయి. దీనికి మందు కొట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఉదయం పూట గొట్టంతో ఆకుల అడుగున బలంగా నీళ్ళు కొట్టండి. మూడు రోజులు వరసగా చేస్తే చాలావరకు పోతుంది. మచ్చల పెంకు పురుగులు, అదే లేడీబగ్‌లు కనిపిస్తే వాటి పని వాటిని చెయ్యనివ్వండి.

ఎర్రనల్లి: ఎండ ముదిరి గాలి పొడిగా ఉన్నప్పుడు వస్తుంది. ఆకు పైన సన్నని తెల్లచుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు. దీనికీ మొదటి వైద్యం నీళ్ళే. ఇక్కడే చాలామంది తొందరపడి, పురుగు ఏదైనా చచ్చే పొడిమందు చల్లుతారు. ఆ మందు నల్లిని తినే మంచి పురుగులను చంపుతుంది, నల్లి మాత్రం మిగులుతుంది. అడ్డు లేక వారంలో మొక్కంతా కమ్మేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

తెల్లదోమ: మొక్కను కదపగానే తెల్లగా లేస్తుంది. పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. ఎన్ని పడుతున్నాయో చూస్తే ఉధృతి తెలుస్తుంది. తామర పురుగులకు నీలం అట్టలు వాడతారు.

కొమ్ము పురుగు: ఆకుపచ్చగా, వేలంత లావున, తోక దగ్గర కొమ్ముతో ఉంటుంది. రాత్రికి రాత్రే కొమ్మలు బోసిపోతే ఇదే. చేత్తో ఏరెయ్యండి, కుట్టదు. చీకట్లో అతినీల కాంతి టార్చి వేస్తే మెరుస్తూ దొరికిపోతుంది. దాని వీపు మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్ళు ఉంటే చంపకండి. అవి చిన్న కందిరీగల గూళ్ళు. అవి బయటికొచ్చి మిగతా కొమ్ము పురుగుల పని పడతాయి.

నాటిన రెండో రోజే మొక్క మొదలు కత్తిరించినట్టు పడిపోతే అది మట్టిలో ఉండే కత్తెర పురుగు. మొదలు చుట్టూ అట్టముక్కతో చిన్న గొట్టంలా చేసి, అంగుళం మట్టిలోకి దించితే చాలు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు సబ్బు మందు, వేపనూనె. సబ్బు మందంటే మొక్కల కోసమే అమ్మే సబ్బు. గిన్నెలు తోముకునే ద్రవం చాలావరకు సబ్బు కాదు, డిటర్జెంటు. అది ఆకుల మైనపు పూతను కరిగించి మాడుస్తుంది. వేపనూనె కూడా మొక్కల కోసం అమ్మేదే వాడండి. ఏదైనా 90 డిగ్రీలు దాటిన ఎండలో కొట్టకూడదు. సాయంత్రం తేనెటీగలు వెళ్ళిపోయాక, ఆకుల అడుగు తడిసేలా కొట్టాలి. సీసా మీద రాసిన పాలు కన్నా ఒక చెంచా ఎక్కువ వేస్తే ఎక్కువ పని చేస్తుందన్నది భ్రమ.

అసలైన పురుగుమందే కొనవలసి వస్తే లేబుల్ మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఈ దేశంలో లేబుల్ మీద రాసింది సలహా కాదు, చట్టం. అందులో మిరప పేరుందా, కొట్టాక ఎన్ని రోజులకు కాయ కొయ్యవచ్చు అన్న రెండు సంగతులు తప్పకుండా చూడండి. గులాబీల కోసం కొన్న మందు మిరప మీద కొట్టకూడదు. ఈ కాయను మనం మజ్జిగలో నంజుకుంటాం, పచ్చిగానే పచ్చట్లో నూరుకుంటాం. స్కూలు నుంచి వచ్చిన మనవడు తెంపి అక్కడే కొరుకుతాడు.

2021 నేర్పిన పాఠం

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, పూత రాలడం మనకు పచ్చడి ఇబ్బంది, అక్కడి రైతుకు బతుకు ప్రశ్న. 2021 ఆఖరులో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ ప్రాంతాల మిరప చేలలో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు మన దేశంలో మొదట 2015లో, బెంగుళూరులో బొప్పాయి మీద బయటపడింది. ఆరేళ్ళకు మిరప పూతలోకి చేరింది. పువ్వు పువ్వులో గుంపులుగా చేరి పూతంతా రాల్చేసింది. రైతులు మందు మీద మందు కొట్టారు. అప్పులు పెరిగాయి గాని పురుగు తగ్గలేదు. ఎందరో నిలువు చేలను దున్నేశారు. శాస్త్రజ్ఞులు అప్పుడు చెప్పిన మాటలు ఏమిటి? విచక్షణ లేకుండా మందులు కొట్టవద్దు, నత్రజని ఎక్కువ వెయ్యవద్దు, నీలం జిగురు అట్టలు పెట్టి గమనించండి అని. ఎకరాల్లో వేసిన రైతుకు చెప్పినదీ, నాలుగు కుండీల మనకు చెప్పవలసినదీ ఒకటే.

అదే పురుగు 2020లో ఫ్లోరిడాలో కూడా కనిపించింది. పురుగు గుడ్లు ఆకు కండలో దాగి ఉంటాయి, పైకి కనిపించవు. పచ్చని మొక్క ఒకటి ఊరు మారితే వాటికి ప్రయాణం ఖర్చు లేదు. అందుకని చేతులు జోడించి చెబుతున్నాను. ఇండియా నుంచి మొక్కలు, కొమ్మలు పెట్టెల్లో పెట్టుకుని తేకండి. విత్తనాలు తెస్తే కస్టమ్స్ దగ్గర చెప్పి తీరాలి. కావలసిన పత్రాలు లేకపోతే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా వేస్తారు. విత్తనాన్ని అంటిపెట్టుకుని వచ్చే వైరస్‌లూ ఉన్నాయి. కరివేపాకు మొక్కలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపడం మీద ఆంక్షలున్నదీ ఇలాంటి పురుగు భయంతోనే. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. మన నాలుగు రెమ్మల కోసం పక్కవాడి తోట పోకూడదు కదా.

అయినా విత్తనం కోసం అంత దూరం పోనక్కరలేదు. మిరప పుట్టిల్లు ఈ ఖండమే. ఇక్కడి నుంచి పోర్చుగీసువాళ్ళు పట్టుకెళితేనే మన దేశానికి చేరింది. చిల్టెపిన్ అనే బఠాణీ గింజంత అడవి మిరప ఈనాటికీ దక్షిణ టెక్సాస్ పొదల్లో దానంతటదే మొలుస్తుంది. 1997లో దాన్ని ఈ రాష్ట్రపు దేశవాళీ మిరపగా ప్రకటించారు. మిరప కారం పక్షులకు తెలియదు. అవి తిని గింజలు చల్లుతూ పోతాయి. చిన్న కాయల రకాలు పెద్ద బుంగ మిరప కన్నా ఎండను బాగా తట్టుకుంటాయి. వేడి ఊళ్ళవాళ్ళు చిల్టెపిన్, థాయ్, కయెన్ రకాలు రెండేసి మొక్కలు వేసుకుంటే జులైలో కూడా కూరకు సరిపడా దొరుకుతాయి.

అమ్మానాన్నలు తినేలా

చివరగా ఒక్క సంగతి. మన పెరళ్ళలో అసలు తోటమాలులు మనం కాదు, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు. ఏప్రిల్‌లో వస్తారు. మనం ఆఫీసుకు, పిల్లలు స్కూలుకు వెళితే పలకరించేది ఆ మొక్కలే. రోజూ రెండు పూటలా నీళ్ళు పోసి, పూత చూసి మురిసి, రాలితే దిగులుపడతారు. ఆరు నెలలు నిండేసరికి అక్టోబరు వస్తుంది. రాత్రులు చల్లబడి కాయ విరగకాసే వేళకు వాళ్ళు విమానం ఎక్కుతారు. వాళ్ళు పెంచిన మిరపకాయలు మనం వీడియోలో చూపిస్తాం.

ఇది కొంత మన చేతిలో ఉంది. ఇక్కడి వాళ్ళు జనవరి నెలాఖరులో ఇంట్లో గింజ వేసి నారు పెంచుకుంటే ఏప్రిల్ మొదటి వారాల్లో గట్టి మొక్క నాటవచ్చు. మే నెలలో, జూన్ మొదట్లో, రాత్రులు ఇంకా 70 లోపల ఉండగానే మొదటి పూత నిలుస్తుంది. జూన్ ఆఖరుకు అమ్మ చేతి పచ్చిమిర్చి పచ్చడి అవుతుంది. ఈ ఏడు నారు పెంచనివాళ్ళు దిగులు పడవద్దు. నర్సరీలో మంచి మొక్క కొని ఈ నెలలోనే నాటండి. కొనేటప్పుడు ఆకు తిప్పి అడుగున చూసి కొనండి.

జులై, ఆగస్టుల్లో పూత రాలితే పెద్దవాళ్ళకు ముందే చెప్పండి, అది వాళ్ళ చేతి తప్పు కాదని, రాత్రి వేడి వల్లనని. అక్టోబరులో వాళ్ళు వెళ్ళాక మంచు పడకముందే ఒక కుండీ మొక్కను మొదలు నుంచి ఆరంగుళాల ఎత్తున కత్తిరించి, పురుగు లేకుండా కడిగి గరాజులో కిటికీ దగ్గర పెట్టండి. మిరప ఒక్క ఏడాదితో చచ్చే మొక్క కాదు, చలికి చావకుండా చూస్తే ఏళ్ళ తరబడి బతుకుతుంది. నెలకు రెండు మూడుసార్లు గుక్కెడు నీళ్ళు పోస్తే చాలు. మార్చిలో చిగురిస్తుంది. మళ్ళీ ఏప్రిల్‌లో అమ్మ వచ్చేసరికి ఆమె పోయినేడు పెంచిన మొక్కే మొగ్గ తొడిగి ఉంటుంది.

ఎవరి మొక్కకైనా ఇబ్బంది ఉంటే ఒక ఆకు, రాలిన ఒక పువ్వు జిప్ సంచిలో పెట్టి భోజనాల దగ్గరికి తీసుకురండి. అక్కడే ఉంటాను, కలిసి చూద్దాం. సెలవు.